ఎక్సెల్ 2016 నుంచి కొత్తదానికి మారాలా, వద్దా?

ప్రశ్న: మా ఎరువుల కొట్టు స్టాకు, రైతుల ఖాతాలు, జీఎస్టీ లెక్కలు అన్నీ ఎక్సెల్ 2016లోనే ఉన్నాయి. 2025 అక్టోబరు 14తో దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. 2024 వెర్షన్ కొందామంటే పాత మాక్రోలు (ఎక్సెల్‌లో పనులు వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు) పనిచేయవేమోనని టెన్షన్, సీజన్ మధ్యలో ఫైలు మొరాయిస్తే ఎదురుగా నిలబడ్డ రైతుకు బాకీ ఎంతో చెప్పలేను. ఏం చేయమంటారు?

జవాబు: మారండి, కానీ సీజన్ అయ్యాక. మాక్రోలు చాలావరకు అలాగే నడుస్తాయి. ఇబ్బంది ఎక్కువగా ఎక్సెల్ 32 బిట్ రకం నుంచి 64 బిట్‌కి వెళ్లినప్పుడే వస్తుంది, కోడ్‌లో 'డిక్లేర్' అనే లైన్లుంటే వాటిలో 'పీటీఆర్‌సేఫ్' అనే మాట చేర్చాలి, లేకపోతే ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. నా ఫైల్లో అలాంటి లైను ఒక్కటే ఉంది, అది దొరకడానికి రెండు రోజులు పట్టింది.

జవాబు: అన్నా, నేను పట్టికలో వెతికి వివరం తెచ్చే కొత్త ఫార్ములా ఎక్స్‌లుకప్ కోసమే మారాను. దాని పాత రూపం వీలుకప్ పెట్టిన షీట్లో మధ్యలో ఒక కాలమ్ చేరిస్తే ధర రావాల్సిన చోట బ్యాచ్ నంబరు వచ్చి కూర్చునేది, ఇప్పుడు ఆ బాధ లేదు. అయితే మీ ఆడిటర్ ఏ వెర్షన్ వాడుతున్నారో ముందు అడగండి, 2019లో కూడా ఎక్స్‌లుకప్ లేదు.

జవాబు: ఎక్సెల్ లాంటి పనులు చేసే లిబ్రేఆఫీస్ ఉచితమే, 24.8 వెర్షన్ నుంచి అందులోనూ ఎక్స్‌లుకప్ ఉంది. కానీ ఇన్ని మాక్రోలున్న ఫైలుకైతే నేను చెప్పను.

ప్రశ్న అడిగినవారు: ఆడిటర్ గారిది 2019 అట. అయితే వీలుకప్‌తోనే ఉంటాను. ముందు ఫైలు కాపీని తమ్ముడి ల్యాప్‌టాప్‌లో తెరిచి చూస్తా, అందులో 2024 ఉంది.