హెవీ ఫెర్మియాన్: ‘బరువెక్కిన ఎలక్ట్రాన్’ అందామా?

కొన్ని లోహ సమ్మేళనాలను బాగా చల్లబరిస్తే, వాటిలో తిరిగే ఎలక్ట్రాన్లు మామూలుకన్నా ఎన్నో రెట్లు ద్రవ్యరాశి ఉన్నట్టు ప్రవర్తిస్తాయి. అలాంటి ఎలక్ట్రాన్‌నే హెవీ ఫెర్మియాన్ అంటారు. దాన్ని తెలుగులో ఏమనాలన్న ఈ చర్చలో ఇప్పటికి మూడు పేర్లు వచ్చాయి: భారీ ఎలక్ట్రాన్, భార ఎలక్ట్రాన్, బరువైన ఎలక్ట్రాన్. మూడింటితోనూ నాకు పేచీ ఉంది.

‘భారీ’ని ముందే పక్కన పెట్టవచ్చు. భారీ వర్షం, భారీ నష్టం అన్నప్పుడు మనకు తట్టేది పరిమాణం, తూకం కాదు. ‘భార’కు శాస్త్ర పరిభాషలో నిలకడైన అర్థముంది. భారజలంలో మామూలు హైడ్రోజన్‌కు బదులు డ్యుటీరియం ఉంటుంది కాబట్టి ఒక్కో అణువూ నిజంగానే బరువు. ఆ లెక్కన ‘భార ఎలక్ట్రాన్’ అనే పేరు, ఎలక్ట్రాన్‌కు సుమారు 207 రెట్లు ద్రవ్యరాశి ఉన్న మ్యూయాన్‌కు నప్పుతుంది. ఈ లోహాల్లో అలాంటి వేరే కణమేమీ లేదు. ‘బరువైన’ అన్నా పుట్టుకతో వచ్చిన గుణమనే ధ్వనిస్తుంది.

జరిగేది వేరు. ఇలాంటి సమ్మేళనాల్లో తరచు కనిపించే లోహం సీరియం. దాని పరమాణువులో 4ఎఫ్ అనే లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్ మామూలుగా తన చోటు వదలదు. గది ఉష్ణోగ్రత దగ్గర అది విడిగా ఉన్న చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. లోహంలో తిరిగే ఎలక్ట్రాన్లు దాని వల్ల చెదిరిపోతుంటాయి. చల్లబరిచేకొద్దీ ఈ రెండింటికీ పొత్తు కుదురుతుంది. పరమ శూన్య ఉష్ణోగ్రతకు (0 కెల్విన్‌కు) దగ్గరగా వచ్చేసరికి స్ఫటికంలోని సీరియం పరమాణువులన్నీ ఆ పొత్తులో చేరి, 4ఎఫ్ ఎలక్ట్రాన్లు కూడా సంచారం మొదలుపెడతాయి. కానీ వాటి మధ్య వికర్షణ తీవ్రం. ఏ ఎలక్ట్రాన్ కదలాలన్నా మిగతావి ఎక్కడున్నాయన్నదాన్ని బట్టే కదలాలి. ఆ మందగమనమే కొలతల్లో ద్రవ్యరాశిగా తేలుతుంది.

1975లో ఆండ్రెస్, గ్రేబ్నర్, ఆట్ అనే భౌతికశాస్త్రవేత్తలు ఒక సీరియం పరమాణువుకు మూడు అల్యూమినియం పరమాణువులున్న సమ్మేళనాన్ని 1 కెల్విన్ కన్నా బాగా దిగువకు చల్లబరిచి విశిష్టోష్ణం కొలిచారు. అందులో ఎలక్ట్రాన్ల వాటాను తెలిపే గుణకం 1620 మిల్లీజౌళ్లు వచ్చింది (మోలుకు, కెల్విన్ వర్గానికి). రాగిలో అది 0.7 మాత్రమే. ప్రభావ ద్రవ్యరాశి, అంటే లోహంలో కదిలేటప్పుడు ఎలక్ట్రాన్‌కు ఉన్నట్టు కొలతల్లో తేలే ద్రవ్యరాశి, ఎంత ఎక్కువైతే ఈ గుణకం అంత పెద్దది.

అందుకే నా ఓటు ‘బరువెక్కిన’కు. ‘ఎక్కు’లో మార్పు ఉంది, క్రమం ఉంది. పైగా గుండె బరువెక్కింది అంటాం. ఏ త్రాసూ ఆ తేడా చూపదు, అయినా ఆ మాట అబద్ధం కాదు. ఎలక్ట్రాన్ సొంత ద్రవ్యరాశి కూడా ఎప్పటిలాగే 9.1 × 10⁻³¹ కిలోలే.

స్పందన: పోలిక బాగుందండీ. కానీ బరువు వేరు, ద్రవ్యరాశి వేరు అని పిల్లలకు ఏళ్ల తరబడి చెబుతున్నాం. పైగా సొంత ద్రవ్యరాశి మారనప్పుడు ‘బరువుగా తోచే ఎలక్ట్రాన్’ అనడం నిజాయితీ కదా?

జవాబు: మాస్టారూ, మొదటి అభ్యంతరం న్యాయమైనదే. అయితే ద్రవ్యరాశి నుంచి వాడుకకు అనువైన విశేషణం మనకు లేదు. ‘ద్రవ్యరాశి పెరిగిన’ అని వివరణలో రాసుకుందాం. ‘తోచే’ను మాత్రం ఒప్పుకోలేను. 1979లో భౌతికశాస్త్రవేత్త స్టెగ్లిష్ బృందం సీరియం, రాగి, సిలికాన్ కలిసిన సమ్మేళనంలో అతివాహకతను కనుగొంది. ఎలక్ట్రాన్లు జతకట్టి ఏ నిరోధమూ లేకుండా ప్రవహించడమే అతివాహకత. సుమారు అర కెల్విన్ దగ్గర అది మొదలైనప్పుడు విశిష్టోష్ణం ఒక్కసారిగా ఎగిసింది. ఆ పెరుగుదల చాలా పెద్దది. బరువెక్కిన ఎలక్ట్రాన్లే జతకడితే తప్ప అంత రాదు. ఉత్తినే అలా తోచేదైతే జతకట్టదు.

ఇక కోరిలేషన్‌కు, అంటే ఒక ఎలక్ట్రాన్ కదలిక మిగతావాటిని బట్టి ఉండటానికి, ఎవరో సూచించిన ‘అన్యోన్య’ వద్దు. తెలుగులో ఆ మాటకు ప్రేమ అంటుకుపోయింది, ఇక్కడున్నది వికర్షణ. ‘సహసంబంధం’ గణాంకశాస్త్రంలో స్థిరపడింది, వాడవచ్చు. నాకు ‘పరస్పరాధీన ఎలక్ట్రాన్లు’ మరింత దగ్గరగా అనిపిస్తోంది. ఇంతకన్నా పొట్టి మాట ఎవరికైనా తడితే చెప్పండి.