తెలుగు ఒత్తులు చెదరకుండా పీడీఎఫ్ రిపోర్టు: జాస్పర్ నేర్చుకోవాలా, బర్టా?

నమస్కారమండీ. ఎరువుల షాపు కోసం జావా ఫ్రేమ్‌వర్క్ అయిన స్ప్రింగ్ బూట్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. బిల్లుల మీద రైతుల పేర్లు తెలుగులోనే ఉండాలి. ముందు ఒక చిన్న పీడీఎఫ్ లైబ్రరీ వాడి చూశాను. స్క్రీన్ మీద "లక్ష్మి" అని ఉన్నది పీడీఎఫ్‌లో "లక్‌ష్‌మి" అని వచ్చింది. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఎంబెడ్ చేసినా అదే తంతు. పేరు తప్పుగా ఉన్న బిల్లు ఒక రైతు చేతిలో పెట్టాలంటే నాకు మనసొప్పడం లేదు.

అందుకే సరైన రిపోర్టింగ్ టూల్ నేర్చుకుందామనుకుంటున్నాను. జాస్పర్‌రిపోర్ట్స్, ఎక్లిప్స్ బర్ట్ రెండూ ఓపెన్ సోర్సే. వీటిలో దేనిలో ఒత్తులు సరిగ్గా వస్తాయి? లేక హెచ్‌టీఎంఎల్‌గా తయారుచేసి, హెడ్‌లెస్ క్రోమ్‌తో (విండో తెరవకుండా వెనుక నడిచే క్రోమ్ బ్రౌజర్) పీడీఎఫ్ తీయడమే మేలా? స్టాక్ రిపోర్టుకు గ్రూపింగ్, సబ్‌రిపోర్టులు (రిపోర్టు లోపల మరో రిపోర్టు) కూడా కావాలి. తెలుగు బిల్లులు నిజంగా ప్రింట్ చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ ఫాంట్, ఏ సెట్టింగ్ వాడారో దయచేసి చెప్పండి.