ఇస్తాంబుల్‌లో జుట్టు నాటించుకుని ఫిబ్రవరిలో పెళ్లిపీటల మీద కూర్చోవచ్చా?

గుంటూరు_ఫ్రాంక్‌ఫర్ట్ అడిగిన ప్రశ్న

నమస్కారం. నాకు 29 ఏళ్లు. ఊరు గుంటూరు దగ్గర, ఉద్యోగం ఫ్రాంక్‌ఫర్ట్‌లో. ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో నుదుటికి రెండు వైపులా జుట్టు వెనక్కి జరగడం మొదలైంది. ఇప్పుడు మాడు మీద కూడా చర్మం తొంగిచూస్తోంది. వీడియో కాల్‌లో మా అమ్మ మొదట అడిగేది ‘తిన్నావా’ అని కాదు, ‘కెమెరా కాస్త కిందికి దించు’ అని. ఫిబ్రవరిలో పెళ్లి. ముహూర్తం పెట్టేశారు.

సెప్టెంబరులో ఇస్తాంబుల్ వెళ్లి హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుందామని ఒక క్లినిక్‌తో మాట్లాడాను. మాట్లాడాను అంటే, వాట్సాప్‌లో నాలుగు ఫోటోలు పంపాను. పది నిమిషాల్లో జవాబు వచ్చింది: 4,500 గ్రాఫ్టులు (తల వెనక నుంచి తీసి ముందు నాటే కుదుళ్లట), ఒకే రోజులో పూర్తి, మూడు రాత్రుల హోటలు, విమానాశ్రయం నుంచి కారు, అన్నీ కలిపి 2,400 యూరోలు. ఈ వారంలో అడ్వాన్సు కడితే 200 తగ్గిస్తారట. ఇక్కడ ఒకచోట అడిగితే దీనికి రెండింతల పైనే చెప్పారు. జర్మనీ నివాస అనుమతి ఉంది కనుక టర్కీ ఈ-వీసాకు ఇబ్బంది లేదు.

పెళ్లినాటికి జుట్టు వస్తుందా? 4,500 అనేది ఎక్కువా, తక్కువా? ఇంకొకటి అడుగుతాను, నవ్వకండి. పెళ్లయ్యాక జంటగా తిరుమల వచ్చి నేను తలనీలాలు ఇస్తానని అమ్మ మొక్కుకుంది. నాటించుకున్న జుట్టు తీయించుకోవచ్చా?

కాకినాడ_కాజా

అంత దూరం ఎందుకండీ? నాకు 26కే బట్టతల వచ్చింది, ఇప్పుడు 41. వారానికోసారి ట్రిమ్మరు పెట్టుకుంటాను, క్షవరం ఖర్చు సున్నా. మా ఆవిడ పెళ్లిచూపుల్లోనే చూసింది, చూసే ఒప్పుకుంది. ఆ డబ్బుతో ఆ అమ్మాయికి ఏదైనా నగ చేయించండి. మీరు అడిగింది ఇది కాదని తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

తెనాలి_బర్మింగ్‌హామ్

తమ్ముడూ, నేను 2022 నవంబరులో ఇస్తాంబుల్‌లోనే చేయించుకున్నాను. అప్పుడు నాకు 36. నాకూ ఇలాగే వాట్సాప్‌లో లెక్క వచ్చింది, 3,800 అని. కనుక కాస్త వివరంగా రాస్తాను.

హోటల్లో మొదటి ఉదయం ఫలహారానికి దిగితే చుట్టూ పదిహేను మంది మగవాళ్లు, అందరి తలలకూ నల్లపట్టీలు. అట్లతద్దికి గోరింటాకు చుక్కలు పెట్టించుకున్నట్టు నెత్తి నిండా ఎర్రచుక్కలు. ఒకరినొకరు చూసుకోకుండా ఆలివ్ కాయలు తింటున్నారు. నాకు అక్కడే సగం భయం పోయింది. అది పోకుండా ఉంటే బాగుండేదని తర్వాత అనిపించింది.

డాక్టరు వచ్చి పెన్నుతో నుదుటి మీద గీత గీశాడు. ఇంకొంచెం కిందికి గీయమన్నాను. వెంటనే గీశాడు. ఎందుకు వద్దో చెప్పలేదు, నా వయసు అడగలేదు. మొత్తం పదిహేను నిమిషాలు. సాయంత్రం వరకు మళ్లీ కనిపించలేదు.

నొప్పి సంగతి అందరూ అడుగుతారు కనుక చెబుతున్నాను: మత్తు ఇంజక్షన్లు ఇచ్చే ఆ కొద్ది నిమిషాలే. కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత ఏమీ తెలియదు. మూడు గంటలు బోర్లా పడుకోబెట్టి వెనక నుంచి ఒక్కో కుదురూ తీశారు. ముఖానికి బల్లలో రంధ్రం ఉంటుంది, అందులోంచి నేల మాత్రమే కనబడుతుంది. నా తల మీద ఎవరెవరు పనిచేశారో నాకు తెలియదు కానీ వాళ్ల బూట్లు తెలుసు. మొదట తెల్లవి, తర్వాత ఆకుపచ్చ రబ్బరు చెప్పులు, చివర్లో మళ్లీ వేరే తెల్లవి. దుబాసీ అమ్మాయి ఎప్పుడో బయటకు వెళ్లిపోయింది. మధ్యాహ్నం పప్పు సూప్ ఇచ్చారు, బాగుంది. ఆ తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి ముందువైపు నాట్లు వేశారు.

నాట్లు అని కావాలనే అంటున్నాను. మాది వ్యవసాయం చేసే ఇల్లు. నారుమడిలో నారంతా పీకేస్తే మడి ఖాళీ అవుతుందని మా నాన్నకు ఎవరూ చెప్పనక్కరలేదు, మళ్లీ ఏడాది విత్తనాలు చల్లుకుంటాడు. తలలో ఆ అవకాశం లేదు. వెనక నుంచి ఒక కుదురు తీస్తే అక్కడ మళ్లీ మొలవదు. నాకు ఎడమ చెవి వెనక అరచేయంత మేర మరీ దగ్గర దగ్గరగా పీకేశారు. జుట్టు పొట్టిగా కత్తిరిస్తే అక్కడ చెదలు తిన్నట్టు కనబడుతుంది. ఇక్కడి మంగలి మొదటిసారి చూసి ‘ఏదైనా జబ్బు చేసిందా’ అని అడిగాడు. అప్పటి నుంచి వెనక జుట్టు పెంచుతున్నాను. బట్టతల దాచుకోవడానికి వెళ్లినవాడిని, ఇప్పుడు తల వెనక భాగం దాచుకుంటున్నాను.

ముందు భాగం మాత్రం బాగానే వచ్చింది, అబద్ధం చెప్పను.

ఇక నీ ఫిబ్రవరి. ఇంటికొచ్చాక మూడో రోజు నుదుటి వాపు కళ్ల మీదికి దిగింది. పట్టీ కట్టుకోమన్నారు, బద్ధకించాను. కుడి కన్ను ఒక పూట తెరుచుకోలేదు. వారం పాటు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చున్నట్టే నిద్రపోయాను. గాట్ల మీద కట్టిన పక్కులు రాలడానికి పన్నెండు రోజులు పట్టింది. మూడో వారంలో నాటిన వెంట్రుకలు స్నానంలో రాలడం మొదలుపెట్టాయి. కుదురు లోపలే ఉంటుంది, పై వెంట్రుక మాత్రమే రాలుతుంది అని వంద చోట్ల చదివాను. అయినా టబ్బు అంచున చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ తర్వాత మూడు నెలలు వెళ్లకముందు కంటే ఘోరంగా ఉన్నాను. అయిదో నెలలో పసిపిల్లల పుట్టువెంట్రుకల్లాంటివి వచ్చాయి, సన్నగా, వంకరగా. చూడదగ్గట్టు అయింది ఎనిమిదో నెలకు. పూర్తి ఫలితానికి ఏడాది పట్టింది. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరికి ఎన్ని నెలలో నువ్వే లెక్కపెట్టుకో. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఫోటోగ్రాఫరు పై నుంచే తీస్తాడు.

వెళ్లాలనే ఉంటే వాళ్లను ధర అడగవద్దు. కుదుళ్లు తీసేది ఎవరు, నాటడానికి గాట్లు పెట్టేది ఎవరు, ఆ రోజు అదే డాక్టరుకు ఇంకెంతమంది ఉన్నారు అని అడుగు. విదేశీ రోగులను తీసుకోవడానికి టర్కీ ఆరోగ్యశాఖ ఇచ్చే అనుమతిపత్రం ఉందా అని కూడా అడుగు. నేను ఇవేవీ అడగలేదు. హోటలుకు ఎన్ని నక్షత్రాలు అని అడిగాను.

విశాఖ_చర్మవైద్యురాలు

పైన రాసినవారి అనుభవం చదివి బాధ కలిగింది. ఇది టర్కీకే పరిమితమైన సమస్య కాదు. డాక్టరు చేయవలసిన పనిని లైసెన్సు లేని సిబ్బంది చేస్తున్నారని జుట్టు మార్పిడి వైద్యుల అంతర్జాతీయ సంఘం ఐఎస్‌హెచ్‌ఆర్‌ఎస్ కొన్నేళ్లుగా ప్రచారం చేస్తోంది. మన దేశంలోనూ జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. శిక్షణ పొందిన డాక్టరే చేయాలి, టెక్నీషియన్లు సహాయం మాత్రమే చేయాలి అని వాటి సారాంశం. ఇస్తాంబుల్‌లో స్వయంగా చేసే మంచి సర్జన్లు ఉన్నారు. వాళ్లెవరూ పది నిమిషాల్లో అంకె చెప్పరు.

ప్రశ్న అడిగిన బాబుకు: ఒక గ్రాఫ్టు అంటే ఒక వెంట్రుక కాదు, ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుండే ఒక కుదురు. తల వెనక భాగంలో సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 65 నుంచి 85 కుదుళ్లు ఉంటాయి. వాటిలో కొంత భాగమే, పలచబడినట్టు కనబడకుండా తీయగలం. జీవితకాలం మొత్తానికి చాలామందికి 4,000 నుంచి 6,000 దాటదు. 29 ఏళ్లకే ఒక్కరోజులో 4,500 వాడేస్తే, నలభైలో మాడు ఖాళీ అయినప్పుడు నాటడానికి ఏముంటుంది? నాటిన జుట్టు దాదాపుగా నిలుస్తుంది, ఎందుకంటే వెనకనున్న కుదురు ఎక్కడికి మార్చినా తన గుణం మార్చుకోదు. న్యూయార్క్ వైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ 1950లలో చూపించిన సంగతి ఇది. కానీ దాని పక్కన ముందునుంచీ ఉన్న జుట్టు రాలుతూనే పోతుంది. చివరికి ముందు నాటిన వరుస ఒక్కటే ద్వీపంలా మిగిలి, దాని వెనకంతా ఖాళీ అయినవాళ్లను చూశాను.

కాబట్టి ముందు చర్మవైద్యుడికి చూపించుకోండి. ఇది వంశపారంపర్య బట్టతలేనా, ఇంకేదైనానా తేల్చాలి. అదే అయితే మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ వంటి మందులతో ఉన్నదాన్ని నిలబెట్టే ప్రయత్నం చేస్తాం. పనిచేస్తున్నాయో లేదో చెప్పడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. ఫినాస్టరైడ్‌తో కొద్దిమందిలో లైంగిక సమస్యలు, దిగులు రావచ్చు. గర్భిణులు ఆ మాత్ర ముక్కలను తాకకూడదు. పెళ్లి చేసుకోబోతున్నారు కనుక ఇవి ముందే డాక్టరుతో మాట్లాడుకోండి, మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు.

మొక్కు సంగతి నవ్వదగ్గది కాదు, నా దగ్గరికి వచ్చేవాళ్లు తరచూ అడుగుతారు. ఏడాది నిండాక గుండు చేయించుకున్నా నాటిన కుదుళ్లకు ఏమీ కాదు, జుట్టు మళ్లీ వస్తుంది. కాకపోతే వెనక కుదుళ్లు తీసిన చోట్ల తెల్లటి చుక్కలు గుండు మీద కనబడతాయి. కల్యాణకట్టలో ఎవరూ పట్టించుకోరు, ఇంటికొచ్చాక చుట్టాలు పట్టించుకుంటారు.

గుంటూరు_ఫ్రాంక్‌ఫర్ట్

అందరికీ కృతజ్ఞతలు. అడ్వాన్సు కట్టలేదు. 200 తగ్గింపు గడువు ముగిసిందని నిన్న మెసేజ్ పెట్టారు, ఈ ఉదయం 300 తగ్గిస్తామన్నారు.

బర్మింగ్‌హామ్ అన్నయ్యా, మీ బూట్ల సంగతి చదివాక క్లినిక్‌ను అడిగాను, కుదుళ్లు తీసేది ఎవరని. ‘మా నిపుణుల బృందం’ అన్నారు. పేరు అడిగితే హోటల్ ఫోటోలు పంపారు.

రాత్రి ఆ అమ్మాయికి కూడా చెప్పేశాను. ‘మీవాళ్లు పంపిన ఫోటోలో నుదురు సగానికి కత్తిరించి ఉన్నప్పుడే అర్థమైంది’ అంది. అంతకుమించి ఏమీ అనలేదు, కాసేపు నవ్వింది. ఈ నెల చర్మవైద్యుడి దగ్గర సమయం తీసుకున్నాను. పెళ్లయ్యాక తిరుమలలో ఉన్న జుట్టే ఇచ్చేస్తాను. నాటించుకోవాలన్నా ఎలాగూ ముందు గుండు చేస్తారట, ఆ గుండేదో స్వామికే చెందుతుంది. అమ్మ ఒప్పుకుంది. మిగతాది వచ్చే ఏడాది.

అన్నయ్యా, ఇంకొక్క మాట. మీకు ఇబ్బంది లేకపోతే ఒక ఫోటో పెట్టగలరా?

తెనాలి_బర్మింగ్‌హామ్

పెడతాను. ముందు నుంచి తీసినవి నా దగ్గర వంద ఉన్నాయి. నీకు కావలసింది వెనక నుంచి తీసినది, దానికి మా ఆవిడ ఆఫీసు నుంచి రావాలి.