యూరియా ఎక్కువైతే జామాయిల్‌కు ఆకుమచ్చ పెరుగుతుందా?

అందరికీ నమస్కారం. మాది రెండేళ్ల జామాయిల్ తోట. వానలు మొదలైనప్పటి నుంచి కింది కొమ్మల ఆకులపై గోధుమరంగు మచ్చలు పడి, వారంలోనే ఆకు చుట్టుకుపోయి రాలిపోతోంది. తిప్పి చూస్తే అడుగున తెల్లటి బూజు. యూరియా ఎక్కువ పడిన వరుసల్లోనే ఇది మరీ ఉధృతంగా ఉంది.

నత్రజని మితిమీరితే ఆకు మెత్తబడి శిలీంధ్రం తేలిగ్గా చొరబడుతుందని, పొటాష్, కాల్షియం తగినంత ఉంటే కణాల గోడలు గట్టిగా ఉంటాయని తెలుసు. కానీ తెగులు సోకాక పొటాష్ వేస్తే ఆ చెట్టు కోలుకుంటుందా, లేక కొత్త చిగుళ్లకే ఉపయోగమా?

కొన్ని చెట్లకు చివళ్లు ఎండి, బెరడు పగిలి జిగురు కారుతోంది. ఇది బోరాన్ లోపమా, పగుళ్లలోంచి చేరిన శిలీంధ్రమా? పరీక్షకు లేత ఆకులు పంపాలా, ముదురువా? చాలా టెన్షన్‌గా ఉంది, అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.