ౘ, ౙ లని మళ్ళీ బడిలో నేర్పాలా, అక్కర్లేదా?

డల్లాస్_అమ్మ:
మా పాపకి ఎనిమిదేళ్ళు. మొన్న వీడియో కాల్‌లో మా అత్తగారితో "చలిగా ఉంది నానమ్మా" అంటే ఆవిడ నవ్వేసి "చలి కాదే, ౘలి" అన్నారు. కాల్ అయ్యాక పాప నన్ను పట్టుకుంది, చరిత్రలో ఉన్నదీ ఇదే అక్షరం కదా మరి దాన్నెందుకు వేరేగా అనాలి అని. నా దగ్గర జవాబు లేదు. ఫోన్లో చదివి వినిపించే యాప్ కూడా అన్నిటినీ చరిత్రలో చ లాగే చదివేస్తోంది. చ నెత్తిన ౨ లాంటి గుర్తు పెట్టి ౘ అని పాత పుస్తకాల్లో రాసేవాళ్ళు కదా, అదే మళ్ళీ పెడితే పోదా ఈ గొడవ?

గోదారిగట్టు:
పెట్టాలండీ, నూటికి నూరుపాళ్ళు. వ్యాకరణం రాసిన చిన్నయసూరి తెలుగుకి వర్ణాలు ముప్పై ఆరు అని లెక్క చెప్పినప్పుడు ౘ, ౙ లని కూడా కలిపే చెప్పాడు. బ్రౌన్ 1852 నిఘంటువులో ఈ రెండిటికీ ఇంగ్లీషులో వేరే స్పెల్లింగ్ ఇచ్చాడు. కంప్యూటర్లో అక్షరాలకి సంకేతాలిచ్చే యూనికోడ్ వాళ్ళు కూడా 2008లో చోటిచ్చారు. అంటే కంప్యూటర్లో ఉంది, పిల్లల పలకమీద లేదు. నోట్లో చూసినా రెండూ వేరు. చ అన్నప్పుడు నాలుక ముందు భాగం వెడల్పుగా అంగిలికి అంటుకుంటుంది, ౘ అన్నప్పుడు కొస మాత్రం పైపళ్ళ వెనక ఆనుతుంది. రెండిట్లోనూ గాలి ఒక్క క్షణం పూర్తిగా ఆగి తర్వాత సన్న సందులోంచి రాసుకుంటూ బయటికొస్తుంది, చివర్లో ఒకచోట శ లాంటి చప్పుడు, ఇంకోచోట స లాంటి చప్పుడు. జ, ౙ అయినా అంతే, కాకపోతే గొంతు మీద వేలు పెడితే అదురు తెలుస్తుంది.

పాలమూరు_పోరడు:
అన్నా, చిన్నయసూరి ముప్పై ఆరు అన్నది నిజమే గానీ, ఆ రెండు చ లు సవర్ణాలని, అంటే ఒక్క జాతి అక్షరాలే అని కూడా ఆయనే అన్నడు గద, అది ఇడిచిపెట్టినవ్. అసలు తెలుగు మాటల్ల ఏది యాడ వస్తదో ముందే తెలుస్తది. ఇ, ఈ, ఎ, ఏ ముందర చ నే వస్తది, ఎందుకంటే ఆ అచ్చులకు నాలుక ముందే అంగిలి దిక్కు లేస్తది, హల్లు గూడ ఆడికే పోతది. చీమ, చెట్టు, చేను. అ, ఉ, ఒ ముందర ౘ. ౘదువు, ౘుక్క, ౘోటు. గింత సాఫ్ గుంటే ఇంకో అక్షరమెందుకు? మరాఠీల గూడ గిట్లనే రెండు పలుకుతరు, ఒకటే అక్షరం రాస్తరు, వాళ్ళకేం కష్టం రాలే.

నాలుకమడత:
అంత సాఫ్‌గా లేదు బ్రదర్. "కంచాలు పంచాడు" అని పైకి అని చూడు. రెండిట్లోనూ చా నే రాస్తాం, కానీ మొదటిది కంౘాలు, రెండోది మాత్రం చ. రెండూ అచ్చ తెలుగే, రెండిట్లోనూ దీర్ఘమే, మరి నీ రూలు ఏమైనట్టు?

పాలమూరు_పోరడు:
మేం పంచాడు అననే అనం, పంచిండు అంటం 😄 వచ్చిండు, పంచిండు. ఆడ ఇ కళ్ళముందు కూసుంది, చ పలుకక ఏం జేస్తది? మీరు వచ్చినాడుని వచ్చాడు చేసి ఇ ని మింగిన్రు, దాని వాసన మాత్రం చ కి అట్లనే ఉంది.

నాలుకమడత:
ఒప్పుకుంటున్నా, ఇది మంచి పాయింటు. దానికి ఇంకోటి కలుపుతా. పంచాడులో ఉన్నది అసలు ఆ నే కాదు, ఆ కీ ఏ కీ మధ్య అచ్చు, క్యాట్‌లో అచ్చుని సాగదీసినట్టు. కోస్తాలో పాతతరం వాళ్ళు వచ్చేడు, చెప్పేడు అని రాసింది కూడా ఆ చప్పుడు పట్టుకోడానికే. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు దీన్ని వేరే అచ్చుగానే లెక్కేశారు. కాబట్టి గోదారిగట్టు గారూ, గుర్తు పెట్టాల్సింది చ కి కాదేమో, దాని పక్కన అచ్చుకేమో.

గోదారిగట్టు:
సరే, మరి పంచాంగం? అందులో ఉన్నది నిఖార్సైన ఆ, అయినా చ నే పలుకుతాం. జలం వేరు, ౙల్లెడ వేరు. రాౙు అంటాం, రాజ్యం అంటాం. సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు వచ్చిన మాటకి ఒక పలుకు, మన నోట్లో నలిగి తెలుగైపోయిన మాటకి ఇంకోటి. ఏ మాట ఎక్కణ్ణుంచొచ్చిందో డల్లాస్‌లో ఎనిమిదేళ్ళ పిల్లకి ఎలా తెలుస్తుంది చెప్పండి. ఇళ్ళల్లో వినపడ్డన్నాళ్ళూ అక్షరం అక్కర్లేకపోయింది, ఇప్పుడు వినపడటం తగ్గింది, అందుకే కావాలంటున్నా.

నాలుకమడత:
నిఘంటువులో పెట్టండి, బయట పెరిగే పిల్లల వాచకాల్లో పెట్టండి, ఆ యాప్‌లు చేసేవాళ్ళకి ఇవ్వండి, నాకే అభ్యంతరం లేదు. ఇక్కడ బడిలో పెట్టి, ౘదువు అని పలికే పిల్లాడు చదువు అని రాశాడని మార్కులు కోస్తేనే నాకు మండుద్ది. డల్లాస్ అమ్మగారూ, పాపతో ఇది చేయించండి. స్స్ అని పట్టి ఉంచి, నోరు కదపకుండా గాలి లోపలికి పీల్చమనండి, పళ్ళ వెనక చల్లగా తగులుతుంది. శ్శ్ అని పీలిస్తే ఆ చల్లదనం ఇంకా వెనక్కి, అంగిలి మీదికి పోతుంది. ౘ మొదటి చోట, చ రెండో చోట. నేను అంతటితో ఆగక నాలుకకి కోకో పొడి పూసుకుని చ అని, అద్దంలో అంగిలి మీద మరక చూసుకున్నా, మా ఆవిడ ఇంకా వెక్కిరిస్తూనే ఉంది.

డల్లాస్_అమ్మ:
థాంక్సండీ, పీల్చే ఆట బాగా నచ్చింది దానికి, ౘలి వచ్చేసింది. కొత్త తలనొప్పేంటంటే పొద్దుట్నుంచీ ౘెప్పులు, ౘీమ, ౘేప అంటూ తిరుగుతోంది.

పాలమూరు_పోరడు:
ఇ, ఎ ముందర అది రాదని చెప్పు అక్కా. నా రూలు గప్పుడే పారేయకుర్రి.