క్రిస్మస్ తాతను చూడడానికి పిల్లలతో, అత్తగారితో రోవనియెమి వెళ్లాలనుకుంటున్నాం: ఎలా సిద్ధం కావాలి?

రాయగడ ఇల్లాలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. మా అమ్మాయికి అయిదేళ్లు, అబ్బాయికి తొమ్మిదేళ్లు. క్రిస్మస్ తాత ఇల్లు ఎక్కడుందని అమ్మాయి రెండేళ్లుగా అడుగుతూనే ఉంది. ఫిన్లాండు ఉత్తర ప్రాంతమైన లాప్లాండ్‌లో, రోవనియెమి అనే ఊరికి దగ్గరగా ఆయన కార్యాలయం ఉందనీ, వచ్చిన ప్రతి పిల్లవాడినీ కూర్చోబెట్టుకుని మాట్లాడతాడనీ తెలిసినప్పటి నుంచి మావారు నెలనెలా కొంత సొమ్ము పక్కన పెడుతూ వచ్చారు. ఈ చలికాలానికి వెళ్లి రాగలమనే ధైర్యం ఇప్పుడు కలిగింది.

మేము ఎరిగిన చలి కొరాపుట్ కొండల మీది డిసెంబరు చలి మాత్రమే. ఒకసారి తెల్లవారుజామున దేవమాలి ఎక్కినప్పుడు పిల్లలిద్దరూ నా శాలువాలోనే దూరి కూర్చున్నారు. అటువంటి పిల్లలను సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన ఉండే చోటికి తీసుకుపోవడం తగునా అని నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. పైగా మా అత్తగారు కూడా వస్తానంటున్నారు. ఆమెకు అరవై ఆరేళ్లు, ఆయాసం ఉంది, మోకాళ్లు నొప్పులు. "బతికుండగా ఒక్కసారి మంచు చూడాలని ఉంది" అని ఆమె అన్న తరువాత కాదనడానికి నాకు నోరు రాలేదు. ఏ నెలలో వెళ్లాలి, ఏ బట్టలు ఇక్కడే కొనుక్కోవాలి, శాకాహారం తినే ఆమెకు భోజనం ఎలా, వీసాకు ఏమేమి కావాలి అన్న విషయాలు తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జయపురం అక్క:

చెల్లెమ్మా, మేము మా ఇద్దరు పిల్లలతో రెండేళ్ల కిందట వెళ్లి వచ్చాము కనుక అనుభవంతోనే వ్రాస్తున్నాను. చలి గురించి మీరు పడుతున్న భయం సహజమే, కాని అక్కడి చలి పొడి చలి. సరిగా బట్టలు వేస్తే పిల్లలు మంచులో నుంచి లోపలికి రామని మారాం చేస్తారు.

బట్టల్లో అన్నిటికంటె ముందు గుర్తుంచుకోవలసింది నూలు బనియను వద్దన్నది. పిల్లలు ఆడి చెమట పట్టాక ఆ తడి నూలులోనే నిలిచిపోయి, ఆట ఆగిన నిమిషంలో ఒళ్లంతా చల్లబరుస్తుంది. ఒంటికి అంటుకునే పొరగా మెరీనో ఊలువి గాని, చెమటను పట్టి ఉంచని థర్మల్స్ గాని వేసి, దానిపై మందపాటి ఊలు స్వెట్టరు, ఆపైన గాలినీ తడినీ ఆపే కోటు, ప్యాంటు వేయాలి. చేతులకు వేళ్లు విడివిడిగా ఉండే గ్లౌజుల కంటె నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండేవి మేలు, వేళ్లు ఒకదానినొకటి వెచ్చబరుచుకుంటాయి. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి. నేను చేసిన పొరపాటు అక్కడే ఉంది: చలి ఎక్కువని మా చిన్నవాడికి రెండు జతల మేజోళ్లు బిగించి సరిపడా సైజు బూట్లలోనే తొడిగాను. రక్తం సరిగా ఆడక రెండో రోజున వాడి కాలివేళ్ల కొసలు తెల్లబారి మొద్దుబారాయి. దగ్గరలోని ఒక కాఫీ దుకాణంలోకి తీసుకుపోయి, పాదాలు నా రెండు అరచేతుల మధ్య పెట్టుకుని అరగంట కూర్చుంటే మళ్లీ రంగు వచ్చింది. అటువంటప్పుడు మంచుతో గాని, గట్టిగా గాని రుద్దకూడదు. ఒంటి వెచ్చదనంతోనే మెల్లగా కాపాలి.

పై పొర బట్టలను ఇక్కడ కొని డబ్బు పోగొట్టుకోకండి. రాయగడలో మళ్లీ ఎప్పుడు తొడుగుతారు? రోవనియెమిలో కోట్లు, బూట్లు అద్దెకు ఇచ్చే దుకాణాలు ఉన్నాయి, హస్కీ కుక్కల బండికి, మంచు స్కూటరుకు తీసుకుపోయేవారు సాధారణంగా చలి సూట్లు వాళ్లే ఇస్తారు. లోపలి పొరలు, మేజోళ్లు, చెవులు కప్పే టోపీలు మాత్రం మీవే ఉండాలి.

ఇక నెల సంగతి. డిసెంబరు మూడో వారంలో అక్కడ సూర్యుడు రెండు గంటలకు కొద్దిగా పైన మాత్రమే కనిపిస్తాడు. దానికి ముందూ వెనుకా కొన్ని గంటలు నీలి రంగు సంధ్య ఉంటుంది, అది చాలా అందంగా ఉంటుంది కూడా, కాని మొదటిసారి వెళ్లే పెద్దవారికి ఆ చీకటి బరువుగా తోస్తుంది. పైగా ఆ రోజుల్లో గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి, తాతను చూడడానికి వరుస పొడుగ్గా ఉంటుంది. ఆయన కార్యాలయం ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది, చూడడానికి రుసుము లేదు. ఫోటో కావాలంటేనే డబ్బు కట్టాలి, లోపల మన కెమెరా వాడనివ్వరు. కనుక సంక్రాంతి ఇంట్లో చేసుకుని జనవరి చివరలో బయలుదేరండి. అప్పటికి పగలు అయిదు గంటలు దాటుతుంది, మంచు దట్టంగా ఉంటుంది. చలి మాత్రం డిసెంబరు కంటె తగ్గదు.

హెల్సింకి నుంచి రోవనియెమి సుమారు 800 కిలోమీటర్లు. విమానంలో గంటన్నర లోపే పడుతుంది, కాని మీ అత్తగారి కోసం పడక గదులున్న రాత్రి రైలు చూడండి. పన్నెండు గంటల పాటు ఆమె కాళ్లు చాపి పడుకోవచ్చు, పిల్లలకు కిటికీలో మంచు చూడడమే ఒక పండుగ.

వంటగది ఉన్న ఇల్లే అద్దెకు తీసుకోండి. బియ్యం అక్కడ దొరుకుతాయి, కొళాయి నీళ్లు నేరుగా తాగవచ్చు. కందిపొడి, చింతకాయ పచ్చడి, అటుకులు పట్టుకుపోవచ్చు. కాని నెయ్యి, కోవా, పన్నీరు పెట్టెలో పెట్టకండి. యూరోపియన్ యూనియన్ వెలుపలి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాలు, వాటితో చేసినవి తీసుకురాకూడదు. మా అమ్మ పొరుగూరి నుంచి పంపించిన నెయ్యి డబ్బాను నేను బయలుదేరే ముందు పక్కింటివారికి ఇచ్చేశాను. తాజా పండ్లకు కూడా ధ్రువపత్రం అడుగుతారు, అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస వంటి కొన్నిటికి తప్ప. కరెంటు మనలాగే 230 వోల్టులు, అయితే కుక్కరు మూడు పిన్నుల ప్లగ్గుకు అడాప్టరు కావాలి.

బరంపురం డాక్టరు:

మీ అత్తగారి విషయమై రెండు మాటలు. చల్లటి పొడి గాలి శ్వాసనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది కనుక ఆయాసం ఉన్నవారు ముక్కూ నోరూ మఫ్లరుతో కప్పుకుని ముక్కుతోనే గాలి పీల్చాలి. ఇన్‌హేలరు కోటు బయటి జేబులో కాక లోపలి పొరలో, ఒంటికి ఆనేలా ఉంచుకోవాలి. చలికి అది సరిగా పని చేయదు. రక్తపోటు ఉంటే చలికి పెరుగుతుంది. బయలుదేరడానికి నెల ముందు ఆమెను చూసే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లి, ఆయన ఒప్పుకుంటేనే టికెట్లు తీసుకోండి. మందులను రసాయన నామాలతో ఇంగ్లీషులో వ్రాసిన చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టుకోండి.

ఆమె మోకాళ్లకు చలి కంటె జారుడు ప్రమాదం. బూట్ల అడుగున తగిలించే ముళ్ల పట్టీలు అక్కడి మామూలు దుకాణాల్లోనే దొరుకుతాయి. అక్కడివారు వాడే తోపుడు స్లెడ్జి కుర్చీ దొరికితే ఆమెను కూర్చోబెట్టి మీవారు వెనుక నుంచి తోయవచ్చు. మరీ చల్లగా ఉన్న రోజున ఆర్కటికుమ్ మ్యూజియంలో గడపండి. 1992లో ప్రారంభమైన ఆ భవనంలోని పొడవాటి గాజు నడవా కింద కూర్చుని మంచు పడడం చూడవచ్చు, ఆమె కోరిక కూడా అదే కదా. అత్యవసరానికి ఫోను 112.

పర్లాకిమిడి పోస్టుమాస్టరు (రిటైర్డ్):

తల్లీ, ముప్పై నాలుగేళ్లు తపాలా శాఖలో పని చేసినవాడిని కనుక ఎవరూ చెప్పని ఒక సంగతి చెబుతాను. అక్కడ తాత కార్యాలయానికి పక్కనే నిజమైన ఫిన్లాండు తపాలా కార్యాలయం ఉంది. ఆ చోటు ఆర్కిటిక్ వలయం (భూగోళం ఉత్తర కొసకు దగ్గరగా గీసిన ఊహారేఖ) మీద ఉంది కనుక అక్కడ వేసిన ప్రతి ఉత్తరానికి ఆ వలయపు ప్రత్యేక ముద్ర పడుతుంది. రెండు పెట్టెలుంటాయి: ఒకదానిలో వేసినది వెంటనే బయలుదేరుతుంది, రెండోదానిలో వేసినది వచ్చే క్రిస్మస్‌కు చేరేలా దాచి పంపుతారు. మీ పిల్లలిద్దరి చేతా తమకు తామే ఒక్కొక్క కార్డు రాయించి రెండో పెట్టెలో వేయించండి. పది నెలల తరువాత రాయగడలో మీ తపాలా మనిషి దాన్ని తలుపు దగ్గర ఇచ్చినప్పుడు వాళ్ల ముఖాలు మీరు చూడాలి. బయలుదేరే ముందు ఇక్కడి నుంచి కూడా ఉత్తరం వేయించవచ్చు. చిరునామా సాంటా క్లాజ్ మెయిన్ పోస్టాఫీసు, 96930 ఆర్కిటిక్ సర్కిల్, ఫిన్లాండు. పిల్లల పేర్లు వాళ్ల చేతే రాయించండి, అక్షరాలు వంకర పోయినా దిద్దకండి.

వీసా గురించి కూడా. ఫిన్లాండుకు కావలసినది షెంగెన్ వీసా, అంటే చాలా యూరపు దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా. దానికి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు పెట్టవచ్చు. నిర్ణయానికి మామూలుగా పదిహేను రోజులు, ఒక్కొక్కప్పుడు నలభై అయిదు రోజులు పడుతుంది. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకు సరిపోయే ప్రయాణ బీమా తప్పనిసరి. వేలిముద్రలు పన్నెండేళ్లు నిండినవారికే, కనుక మీ పిల్లలకు అక్కరలేదు. పిల్లల జనన ధ్రువపత్రాలు ఒడియాలో మాత్రమే ఉంటే ఇంగ్లీషులోకి తర్జుమా చేయించి నోటరీ చేత సంతకం పెట్టించండి. మా మనవడికి ఈ ఒక్క కాగితం కోసమే మేము రెండోసారి తిరగవలసి వచ్చింది.

రాయగడ ఇల్లాలు:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. జనవరి చివరి వారానికి నిశ్చయించుకున్నాము. అత్తగారిని రేపే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్తున్నాము, ఆయన ఔనంటేనే టికెట్లు. నెయ్యి తీసుకుపోకూడదని చెప్పగా ఆమె కాసేపు ఆలోచించి, అక్కడ దొరికే వెన్న కాచుకోవచ్చు కదా అన్నారు. మాస్టారు గారూ, మా అమ్మాయి ఈ సాయంత్రమే ఉత్తరం మొదలుపెట్టింది. తెలుగులోనే రాస్తానంటోంది, తాతకు అర్థమవుతుందా అని అడుగుతోంది. పక్కన ఒక బొమ్మ కూడా వేయమన్నాను.