పేజీల వరుస తప్పకుండా టెక్స్ట్ ఫైళ్లన్నీ కలపడం ఎలా?

నమస్కారమండీ. ఉబుంటులో బాష్ (కమాండ్లు టైప్ చేసే షెల్) వాడుతున్నాను. ఓ పాత తెలుగు పుస్తకం ఓసీఆర్ (పేజీల బొమ్మల్లోంచి అక్షరాలు గుర్తించడం) చేస్తే పేజీకో టెక్స్ట్ ఫైల్ వచ్చింది. పేర్లు 'పేజీ 1', 'పేజీ 2' ఇలా, మధ్యలో స్పేస్‌తో ఉన్నాయి. ఫైళ్లు కలిపే క్యాట్ కమాండ్‌కి స్టార్ గుర్తు (అన్ని ఫైళ్లూ అని) ఇచ్చి కలిపితే 10, 100 అన్నీ 2 కంటే ముందే వచ్చి కూర్చుంటున్నాయి. ఫైళ్ల పేర్లు చూపే ఎల్ఎస్ ఇచ్చిన జాబితాని, వరుసలో పెట్టే సార్ట్‌కి వెర్షన్ ఆప్షన్‌తో (పేర్లలోని అంకెల్ని సంఖ్యలుగా చూసేది) పంపితే వరుస బాగానే ఉంది. తీరా దాన్ని, ఒక్కో పేరునీ వరసగా తీసుకునే ఫర్ లూప్‌లో పెడితే, స్పేస్ దగ్గర పేరు రెండు ముక్కలై అలాంటి ఫైలే లేదంటోంది! లూప్ లోపల వేరియబుల్‌కి డబుల్ కోట్స్ పెట్టినా అంతే. పేర్లు మార్చే వీల్లేదు, ఆ ఫోల్డర్ ఇంకొందరు వాడుతున్నారు.

ఇంకోటి, కొన్ని ఫైళ్లు విండోస్‌లో సేవ్ చేసినవి. లైన్ చివర క్యారేజ్ రిటర్న్ అనే కనపడని అక్షరం ఉండిపోయి, టెక్స్ట్‌లో వెతికి మార్చే సెడ్‌లో డాలర్ గుర్తుతో (లైన్ చివర అని) చివరి పూర్ణవిరామం వెతికితే దొరకట్లేదు. కలిపేటప్పుడే ఆ క్యారేజ్ రిటర్న్ కూడా తీసేయొచ్చా? పైథాన్ వద్దు, షెల్‌లోనే చెప్పండి ప్లీజ్.